పాప ఎడమకు చూసింది

1961 జులై 12, బుధవారం. తిరుమలగిరి.

ఈ రోజు పాప తనంతట తానే ఎడమకు చూసింది. ఇది తేదీతో సహా ఉండాలని పడుకునే ముందు రాస్తున్నాను.

రెండో నెలలోనే మనవరాలి మెడ బిగుసుకుపోయి మొహం కుడికే ఉండిపోయింది. పాలిచ్చేటప్పుడు సరిగా పట్టుకోలేదని కోడలిని కోప్పడ్డాను. పొరుగింటి మల్లమ్మ "మెడ వంకర పిల్లను ఎవ్వడు చేసుకుంటడు?" అన్న పూట కోడలు అన్నం ముట్టలేదు.

దవాఖానలో నర్సు నేర్పినట్టే చేశాను. భుజం కదలకుండా పట్టుకుని, గడ్డాన్ని మెల్లగా ఎడమ భుజం వైపు తిప్పి పది లెక్కపెట్టడం; ఏడిస్తే ఆపేయడం. రోజుకు మూడుసార్లు, ఆరు వారాలు. ఒక్క పూట తప్పలేదు.

నర్సు ఇంకొకటి అడిగింది. "తొట్టెలల పండవెడితె వాకిలి ఏ చేతి దిక్కుంటదమ్మా?" ఉయ్యాలలో పాప కుడి చేతి వైపే. పిల్ల రోజంతా వెలుతురుకే చూసేది. తల తూర్పుకే ఉండాలని పట్టుబట్టింది నేను. ఇంటికి రాగానే తలగడ పడమరకు మార్చాను, కారణం ఎవరికీ చెప్పలేదు.

ఈ రోజు మల్లమ్మ వాకిట్లో నిలబడి పిలవగానే పాప ఎడమకు తిరిగి నవ్వింది.

"అవ్వో, గిదెప్పుడు నేర్సింది?"

"నువ్వు వంకర మెడ అన్న దినం సంది నేర్సుకుంటాంది" అన్నాను. కోడలు కడుపు పట్టుకుని నవ్వింది.

నిద్రలో మాత్రం తల ఇంకా కుడికే వాలుతోంది. అందుకని:

1. శనివారం పాపను నర్సుకు చూపించాలి.
2. ఆమె చాలు అనేదాకా మూడు పూటలా మెడ తిప్పడం ఆగకూడదు.
3. తల పడమరకే ఉండాలి.
4. తప్పు నాదని రేపు పొద్దున కోడలికి చెప్పాలి.