నాన్న పొడుం డబ్బా మూత

చెల్లాయ్, నేను బాగానే ఉన్నాను. కంట్లో పొరలేమీ లేవని డాక్టరు చెప్పాడు, అమ్మను ఇక ఏడుపు ఆపమను. కళ్ళద్దాలు తయారయ్యేదాకా ఊరికే కూర్చోలేక యూనివర్సిటీ మ్యూజియంకి వెళ్ళాను. పాత కుండ పెంకుల పక్కన వస్తువులు చూపించడానికి పెట్టే పీట ఒకటి ఖాళీగా కనపడింది. చెయ్యి ఊరుకోదుగా, అడుగున చిల్లికి మాటు వేయించమని అమ్మ ఇచ్చిన నాన్న పొడుం డబ్బాను దాని మీద పెట్టి పక్కకు నిలబడ్డాను. జనం వంగి వంగి చూశారు. నవ్వుకోవడం అయ్యాక తీసుకోబోతే అక్కడి మేడమ్ అడ్డొచ్చింది.

“ముట్టుకోకండి, చాలా పాతది.”

“పాతదేనమ్మా, మా నాన్నది.”

“వచ్చిన ప్రతివాడూ ఇదే మాట!” అంటూ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. నాదేనని రుజువు తెస్తే ఇస్తుందట.

దాని మూత అమ్మ అలమారాలో ఉంది. అమ్మ కంటపడకుండా తీసి, పైన రాసిన లాడ్జి అడ్రసుకు రేపే పంపు. మూత సరిగ్గా కూర్చున్నాక ఆ మేడమ్ ఏమంటుందో చూస్తాను. కారే కుళాయిని బావ బాగుచేయించాడా, ఇంకా కింద బకెట్లు మారుస్తూనే ఉన్నాడా? పిల్లలకు దీవెనలు. డబ్బా ఏదని అమ్మ అడిగితే, చదువుకున్నవాళ్ళు అద్దాల్లో పెట్టి కాపలా కాస్తున్నారని చెప్పు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మీ అన్నయ్య