బంగ్లాలో చీపురు చప్పుడు

ముత్తమ్మా,

కట్టుకున్నవాణ్ణి వదిలి నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. రోజూ రాసుకునే లెక్కలు రాయబుద్ధి కాక ఇది రాస్తున్నాను.

కొంటాలో నువ్వు ఏళ్ళ తరబడి ఊడ్చిన పాత డాక్ బంగ్లా ఇప్పుడు దయ్యాల బంగ్లా అయింది. తెల్లవారుజామున లోపల చీపురు చప్పుడు వినబడుతోందని, అది నువ్వేనని ఊరంతా అంటోంది. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సహించదు. పోయిన మనిషి నిమ్మళంగా ఉండాలి కదా.

నిన్న రాయపూర్ కుర్రాళ్ళు కెమెరాలతో వచ్చారు. చనిపోయినవాళ్ళ అడుగుల కోసం మనం పదోరోజున పిండి చల్లుతామని ఎవరో చెప్పారట. హాలంతా బియ్యప్పిండి చల్లి తలుపు వేశారు. ఇవాళ తెల్లవారుజామున నేనూ వెళ్ళి చూస్తే పిండి మీద ఏ గుర్తూ లేదు.

"మీ భూత్ సెలవులో ఉంది అంకుల్" అని హిందీలో నవ్వి జీపెక్కారు.

నీ పదోరోజున మనింట్లో చల్లిన పిండి మీదా ఏ అడుగూ పడలేదు.

నేలను అలా వదిలేస్తే నువ్వు ఊరుకోవు. మూలనున్న నీ చీపురు తీసి ఊడవసాగాను. ఇప్పపూలకు పోతున్న ఆడవాళ్ళు బయట ఆగిపోయారు.

"ఏందే అది? ముత్తక్క ఊడుస్తున్నదే!"

"మెల్లగనవే, వింటది. పాపం, సచ్చినా పని తప్పలే."

నేనేనని కేకేయబోయాను. అంతలో ఒకామె కిటికీ దగ్గరకొచ్చి, లోపలికి చూడకుండానే అడిగింది.

"అక్కా, బాగున్నవా?"

ఏడాదిగా నిన్నెవరూ అలా అడగలేదు. నేను నోరు విప్పకపోతే దయ్యమన్న పేరు ఇక నిన్ను వదలదని తెలుసు. అయినా, నువ్వు ఊడ్చినట్టే, గోడవారగా, మెల్లగా ఊడుస్తూ పోయాను.