గెలిచిన కబురు నెమ్మదిగా చెప్పాను

అక్కకి వందనాలు.

నేను బాగున్నాను. మీరంతా ఎలా ఉన్నారో నిజంగా తెలుసుకుందామని రాస్తున్నాను. నువ్వు, బావగారు, పిల్లలు, అందరికంటే ముందు అమ్మ. ఫోనులో ఇలాంటివి అడగాలంటే నాకు నోరు రాదు, నీకు తెలుసు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికే మూడుసార్లు లేచాను.

మూడు వారాలుగా అమ్మ ఫోను దగ్గరికి రావడం లేదు. ఒకసారి పడుకుందన్నావు. ఒకసారి ప్రార్థన కూడికకి వెళ్ళిందన్నావు. పోయిన వారం బావగారు ఫోను తీసి, "బానే ఉన్నారమ్మా, నువ్వేం కంగారు పడకు" అని, వెంటనే కొబ్బరికాయల ధర గురించి మొదలుపెట్టారు. ఆ మర్నాడే అమ్మతో బళ్లో పనిచేసే మేరీ టీచరుగారు మెసేజ్ పెట్టారు. "అమ్మగారు సెలవు పెట్టి కాకినాడ వెళ్ళేరట కదండీ, టెస్టులన్నీ అయ్యేయా?" అని. నాకు అంతా తెలిసినట్టే జవాబిచ్చాను. అప్పటినుంచి ఏ పనిమీదా మనసు నిలవడం లేదు.

ఇక్కడ జపాన్‌లో చలి మొదలైంది. పొద్దున్న ఏడింటికల్లా వృద్ధుల హోమ్‌లో ఉండాలి. స్నానాలు చేయించడం, మందులివ్వడం, అన్నం తినిపించడం. ఇక్కడి అన్నం ముద్దగా ఉంటుంది, అలవాటైపోయింది. కరివేపాకు పొడి మాత్రం అయిపోయింది. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపు. సాయంత్రాలు చదువుకుందామని కూర్చుంటాను. ఒకే పేజీ తిప్పి తిప్పి చదివి, కోటు వేసుకుని ఏటిగట్టు మీద నడుస్తాను.

ఈ నెలంతా ఊళ్లో ఒకటే మాట. ఇక్కడ బేస్‌బాల్ ఆడతారు. క్రికెట్‌కి దూరపు చుట్టంలాంటి ఆట. ఈ ఊరి జట్టు ఎన్నో ఏళ్లుగా కప్పు గెలవలేదు. మా హోమ్‌లో ఉండే తనాకా గారికి పెళ్ళైన ఏడాది గెలిచిందట. మళ్ళీ గెలిస్తే చూద్దామని మొగుడూ పెళ్ళాం ఎదురుచూశారు. ఆయన భార్య ఐదేళ్ల క్రితం పోయారు. తను చూసినప్పుడల్లా జట్టు ఓడిపోతుందని ఆయన నమ్మకం. అందుకే ఆఖరి ఆట రోజు పెందరాళే పడుకుంటూ, ఎవరినీ నోరు మెదపొద్దని, పొద్దున్న నన్ను మాత్రం వచ్చి చెప్పమని అన్నారు. నేను మాటకారిని కాననేమో.

జట్టు గెలిచింది. హాల్లో వంటవాళ్ళు, నర్సులు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నాకు సగం అర్థం కాకపోయినా కళ్ళు తడిశాయి.

పొద్దున్న ఆయన గదికి వెళ్ళాను. గుండె బలహీనంగా ఉన్న మనిషి, ఒక్కసారిగా చెప్పకూడదనుకున్నాను. మనింట్లో ఎలా చెబుతారో అలాగే చేశాను. గ్లాసుతో నీళ్ళు ఇచ్చాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిద్ర పట్టిందా, టిఫిన్ తిన్నారా అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, గ్లాసు బల్ల మీద పెట్టేసి, గోడ వైపు తిరిగిపోయారు. ఓడిపోయారనుకున్నారు. ఆ భుజాలు కదలడం చూసి భయం వేసి, గెలిచారు, గెలిచారు అని రెండుసార్లు అన్నాను.

ఆయన ఇటు తిరిగి, "గెలిస్తే గెలిచారను, ఓడితే ఓడారను. నా అంత వయసువాణ్ని మధ్యలో కూర్చోబెట్టకమ్మా" అన్నారు. తర్వాత నవ్వారు, భార్య ఫొటోకి తనే చెప్పుకున్నారు. కానీ ఆ కాసేపు ఆయన్ని ఓడించింది నేనే.

అక్కా, నాన్న పోయిన రోజు గుర్తుందా? బావగారు రాజమండ్రిలో మా హాస్టల్‌కి వచ్చి, నాన్నకి కొంచెం నలతగా ఉంది పద అన్నారు. రావులపాలెంలో దించి ఇడ్లీ తినిపించారు. ఆకలేసి ఇంకో ప్లేటు అడిగాను. అప్పటికి నాన్న పోయి ఆరుగంటలైంది. బావగారిని తప్పు పట్టడం లేదు, నామీద జాలితోనే చేశారు. కానీ ఆ రెండో ప్లేటు అడిగినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అందుకని బతిమాలుతున్నాను. అమ్మ రిపోర్టులు ఫొటో తీసి పంపు, ఒక్క పేజీ కూడా దాచకుండా. అలాంటి కాగితాలు రోజూ చదివే పనిలోనే ఉన్నాను, చదివి నిలబడగలను. వచ్చే నెల డ్యూటీలు ఈ శుక్రవారం వేస్తారు. ఆలోగా తెలిస్తే సెలవు అడుగుతాను. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయి, నమ్ముతాను.

బావగారి అమ్మగారికి, పాస్టరుగారికి నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నాకోసం ప్రార్థన చేయండి.

రాయడం అయిపోయిందనుకున్నాక ఇంకో మాట తట్టింది. ఆ టెస్టుల్లో ఏం వచ్చిందో అమ్మకి తెలుసా? మీరు ఆవిడకీ చెప్పలేదేమోనని అనుమానంగా ఉంది. అలా అయితే ముందు అమ్మకి చెప్పండి. నేను ఆ తర్వాత తెలుసుకుంటాను.

నీ చెల్లి,
సుగుణ