రీలింగ్ ఖాతాలో పెదవుల మాటలు

1996 జనవరి 8, సోమవారం
మూతపడ్డ మిల్లు తెరుస్తున్నారట. నూలు కోసం కాదు, నాటకాల కోసం. కాలేజీ మాస్టారు రామచంద్రం, పూనా నుంచి వచ్చిన కొందరు కుర్రవాళ్లు కలిసి మేం నూలు చుట్టిన రీలింగ్ ఖాతా హాలును కళాకేంద్రం చేస్తారట. గోడలకు పెయింటింగ్స్, నడుమ స్టేజ్. మా అన్నం పోయినచోట వాళ్లకు ఆట. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టుంది. బీడీలు చుడుతూ కూర్చున్నాను.

జనవరి 10
రామచంద్రం ఇంటికే వచ్చాడు. ఓపెనింగ్ రోజు మిల్లులో పనిచేసిన పాత కామ్‌గార్ ఒకరు మాట్లాడాలట. యశోదక్కా, నువ్వొస్తెనే బాగుంటది అని చెవి దగ్గర అరిచి బతిమాలాడు. సీతాబాయిని తీసుకొస్తే వస్తానన్నాను.

సీతాబాయిది నా ఎదురు మిషన్. ఆ చప్పుడులో అరిచినా వినపడేది కాదు. అందుకే ఖాతాలో ఆడవాళ్లందరం గొంతు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకునేవాళ్లం. అత్తల మీద చాడీలు, సూపర్‌వైజర్ మీద తిట్లు, అన్నీ అతని ఎదుటే.

మిల్లు మూశాక కుంఠా నాకా పేటలో సీతాబాయి ఇంటికి ఒక్కసారి వెళ్లాను. ఇద్దరి చెవులూ మిషన్లు తినేశాయి. చప్పుడు లేనిచోట పెదవులతో మాట్లాడాలని తోచక అరుచుకున్నాం. కొట్లాట అనుకొని ఆమె కోడలు మధ్యలోకి వచ్చింది. నాకు రోషమొచ్చింది. మళ్లీ పోలేదు. ఆమె తప్ప నాకు మాట్లాడే మనిషి లేదు.

జనవరి 19
ఈ ఇంట్లో నాతో నేను మాట్లాడుకున్నా నాకు వినపడదు.

జనవరి 26, రాత్రి
సున్నం, లైట్లు. ఖాతాను గుర్తుపట్టలేకపోయాను. ముందు వరుసలో సీతాబాయి, కొడుకు పక్కన. ఎంత చిక్కిపోయిందో. నాకు మైక్ ఇచ్చారు. మొదలుపెట్టాను. పూనా కుర్రవాళ్లు మైక్ పనిచేయడం లేదని వైర్లు చూడటానికి పరుగెత్తారు. మైక్ బాగానే ఉంది. నేనే గొంతు విప్పలేదు. ఆ కప్పు కింద నిలబడితే నాకు గొంతుందన్న సంగతే గుర్తురాలేదు.

పాత ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నీ నోరు ఇంకా తగ్గలేదే అని యల్లమ్మ కూర్చున్నచోటి నుంచే పెదవులతో అంది. నాకూ నవ్వొచ్చింది.

సీతాబాయి నవ్వలేదు. నేను అడిగింది ఆమెనే. ఎట్లున్నవే సీతా, నా మీద కోపమా అని. ఆమె గోడవైపు చూస్తోంది. దిగి దగ్గరికి వెళ్తే కొడుకు నా చెవి దగ్గర అరిచి చెప్పాడు. అత్తా, అమ్మకు కండ్లు కూడ పోయినయి, ఏం కనవడదు అన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. ఎవరో అనుకొని వెనక్కి లాక్కుంది.

జనవరి 27
బీడీలు చుట్టలేదు. ఏడ్చాను.

ఫిబ్రవరి 2
కుంఠా నాకా వెళ్లాను. సీతాబాయి వేళ్లు తీసుకొని నా పెదవుల మీద పెట్టుకున్నాను. నా పేరు చెప్పాను. మళ్లీ మళ్లీ చెప్పాను. చాలాసేపటికి ఆమె పెదవులు కదిలాయి, గొంతు లేకుండా. నూలు కండెలు అయిపోయినయా యశోదా అని. షిఫ్ట్‌లో రోజూ అడిగే మాటే.

ఇంకా ఉన్నాయన్నాను.