సులోచనకు రోగం పెట్టిన రచయిత

1960 జనవరి 4, సోమవారం. తాండూరు.

పదేళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట. ఎవరితో చెప్పినా నవ్వుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏ నవల తీసినా ఆడమనిషి దగ్గి చస్తుంది. నూరో పేజీలో మొదటి దగ్గు. నూటయాభైలో రుమాలుకు నెత్తురు. తర్వాత మొగుని కాళ్లు పట్టుకొని క్షమించమంటుంది, పోతుంది. వాడు ఏటి ఒడ్డున తిరుగుతాడు. దవాఖానాకు తీసుకపోదామని ఒక్కడికీ తోచదు. ఆ పుస్తకాలలో ఎవరూ పొద్దున లేచి పనికి పోరు, ఎవరూ అన్నం తినరు. ఊరికే బాధపడతారు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు, యాభై రెండేళ్ల వయసులో, యోహాను పంతులు దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. గొర్లు కాసే కురుమోనికి పుస్తకమెందుకని ఊరు నవ్వింది. నవ్వనీ. పొట్టేలును కొనేటప్పుడు పళ్లు చూస్తాను. నవలకైతే నడుమ పేజీ తెరుస్తాను. అక్కడ ఎవడూ పని చేయకుంటే తిరిగి పెట్టేస్తాను.

నా పెండ్లాం చంద్రవ్వకు అదే రోగం, క్షయ. అనంతగిరి దవాఖానాలో చేరి అయిదు నెలలు. చావలేదు. ఇంజెక్షన్లు పడుతున్నాయి, బరువు పెరిగింది, నర్సుతో జగడం కూడా పెట్టుకుంటున్నది. ఇది ఏ రచయిత రాస్తాడు?

జనవరి 10, ఆదివారం.

రైలు దిగి కొండ ఎక్కి వార్డుకు పోయాను. వీక్లీలో కొత్త సీరియల్ చదివి వినిపించాను. పక్క మంచాల వాళ్లందరూ విన్నారు. ఈ సీరియల్ నాకు నచ్చింది. సులోచన అనే పంతులమ్మ పల్లెకు ఉద్యోగానికి వస్తుంది. బడి కప్పు కురుస్తున్నదని పటేల్‌తో కొట్లాడుతుంది. పని చేసే మనిషి. చంద్రవ్వ కిలకిలా నవ్వింది.

మా ఇంట్లో తాత నాటి నుంచి ఒక ఆనవాయితీ ఉంది. మనిషి మంచం పడితే మందలో ఒక గొర్రెపిల్లకు పసుపు పెట్టి ఆ మనిషికి జోడు కడతాం. ఆ పిల్ల బాగుంటే మనిషి తేరుకుంటాడు, అది పోతే మనిషీ పోతాడు. మా కులదేవుడు బీరప్ప పండుగ దాకా జోడు విప్పరాదు. ఏ పిల్లను కట్టమంటావని అడగడానికి పసుపు పొట్లం కూడా తీసుకపోయాను.

చంద్రవ్వ పొట్లం గుంజుకొని, వీక్లీలో సులోచన బొమ్మ నొసట పసుపు పెట్టింది. గొర్రెపిల్లను కొండెక్కిస్తవా ఏంది ముసలోడా, గీ పంతులమ్మనే నా జోడు, వారం వారం వస్తది, మంచిగున్నదో లేదో నేనే చూసుకుంట, అన్నది.

నేనూ నవ్వాను. ఈ పంతులమ్మ చావదు, నాది జమానత్, పూచీ నాది అన్నాను. నోరు ఊరుకోదు.

జనవరి 16, శనివారం. పొద్దున.

సులోచన దగ్గింది.

అదే రోజు, సాయంత్రం.

తాండూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడే చదివాను. మళ్లీ చదివాను. దగ్గే. పుస్తకాల స్టాల్ బాల్‌రాజ్‌ను నిలదీశాను, ఏమిటిది అని. గదే మజా తాతా, ఏడిపిస్తేనే పుస్తకం మస్తు పోతది, అన్నాడు. వీక్లీ వాని మొహాన కొడదామనుకున్నాను. రేపు చదవాలి కదా, కొట్టలేదు.

జనవరి 17, ఆదివారం.

వార్డు గడపలోనే నర్స్ సుమిత్రమ్మకు సులోచన దగ్గు సంగతి చెప్పాను. జర మార్చి చదువు పెద్దాయనా, నీ సొమ్మేం పోయింది, అన్నది. పదేళ్లలో నేను ఒక్క పేజీ దాటెయ్యలేదు. రాసినవాడు ఎంత వెధవైనా రాసింది రాసినట్టే చదివాను.

ఈ రోజు మార్చాను. సులోచన బడి కప్పు మీదికి తానే ఎక్కింది, పెంకులు సర్దింది, దిగి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం తిన్నది అని చదివాను.

చంద్రవ్వ చెయ్యి ఎత్తి ఆపింది. గా రాసెటోని మనుషులు ఎన్నడన్న రొట్టె తిన్నరా? గిది నీ కథ. అసలుది చదువు, అన్నది.

అసలుది చదివాను. రుమాలుతో సహా.

జనవరి 29.

సుమిత్రమ్మ కార్డు రాసింది. చంద్రవ్వ మాత్రలు మింగడం లేదట. దిండు కింద దొరికాయట.

జనవరి 31, ఆదివారం.

డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. ఎక్స్‌రే బాగుంది, మందు నడుమ ఆపితే రోగం మొండికేస్తుంది, తర్వాత ఇదే మందు పట్టదు అన్నాడు. ఎట్లా మింగిస్తావో నీ ఇష్టం అన్నాడు.

చంద్రవ్వను అడిగాను. జోడు ఎటు పోతే నేనటు, అన్నది. అరిచాను. అది మనిషి కాదు, కాగితం అన్నాను.

ఆమె అరవలేదు. పదేండ్ల సంది గా కాగితాలు వట్టుకొని ఏడ్సింది ఎవలు? సదువుకుంట కూసుంటే మంద పరాయి చేన్ల పడ్డది, మాటలు వడ్డది నేను. అప్పుడు మనుషులే అంటివి. నాకాడికి వచ్చెటాల్లకు కాగితమైందా? అన్నది.

వీక్లీ మడిచి సంచిలో పెట్టుకొని రైలెక్కాను.

ఫిబ్రవరి 6.

ఈ వారం సులోచనకు జ్వరం. ఈ రాసేవాడి అడుగులు నాకు తెలుసు. జ్వరం తర్వాత తల్లికి జాబు, జాబు తర్వాత చావు. ఇంకో నెల.

ఎందుకు చంపుతున్నాడో కూడా తెలుసు. పని చేసే ఆడమనిషిని పుట్టించాడు, ఆమెతో ఏం చేయాలో వానికి తెలియదు. బతికిస్తే బడి కప్పు వేయించాలి, పటేల్‌కు బుద్ధి చెప్పాలి, పిల్లలకు పాఠం చెప్పించాలి. అదంతా రాయాలంటే నడుం నొస్తుంది. సాయంత్రం ఇంటికి తోలుకరావడానికి బద్ధకమై గొర్రెను కోసేసే కాపరి వీడు. అట్లాంటి వానికి నేనైతే మంద అప్పజెప్పను.

ఫిబ్రవరి 14, ఆదివారం.

మంచం పక్కనే కూర్చున్నాను. లేవలేదు. అన్నం తేనీ, బయటివాళ్లను పొమ్మని గంట కొట్టనీ, కదలనన్నాను. చివరికి చంద్రవ్వే మెత్తబడింది.

రాసెటోడే రాసియ్యాలె బతుకుతదని. నువ్వు రాసుకొస్తె నాకెరుకైతది, నీ అక్షరాలు బురదల గొర్రె నడిసినట్లుంటయి, అన్నది. వార్డంతా నవ్వింది. అప్పటిదాకా మింగుతావా అన్నాను. బీరప్ప పండుగ దాకా మింగుత, గా దినందాక జవాబు రాకుంటె నన్నడగకు, అన్నది.

నా ముందే రెండు మాత్రలు మింగింది. నాలుక తీసి చూపించింది.

ఫిబ్రవరి 16.

యోహాను పంతులు మంచి భాషలో జాబు రాసిస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన రాస్తే దండాలే సగం కాగితం తింటాయి. మూడు కాగితాలు చించాను.

ఫిబ్రవరి 17, బుధవారం.

ఈ రోజు డబ్బాలో వేసిన జాబు. నకలు:

అయ్యా,

సులోచనకు రోగం పెట్టింది మీరు. మందు ఇక్కడ అనంతగిరి దవాఖానాలో ఉంది. వికారాబాద్ దాకా రైలెక్కించండి, స్టేషన్‌లో నేను నిలబడి ఉంటాను. మా ఆవిడ పక్క మంచం కాశమ్మ నయమై మొన్న ఆదివారమే ఇంటికి పోయింది. ఆ మంచం సులోచనకు పట్టి ఉంచమని చెప్పాను.

చంపాలనే ఉంటే మీరే వచ్చి ఆ వారంది మా ఆవిడ ముందర కూర్చొని చదవండి. నేను చదవను.

ఏది చేస్తారో మార్చి 6, ఆదివారం, మా బీరప్ప పండుగ నాడు, పొద్దు గూకక ముందు నాకు తెలియాలె.

కురుమ మల్లప్ప