సౌండు ఆపే బటన్

తమ్ముడూ,

లాప్‌టాప్‌లో సౌండు ఆపే బటన్ పనిచేయడం లేదన్నాను కదా, నువ్వు రాసినట్టే చూశాను. లైనక్స్‌లో కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర తెరిచి, పై వరస బటన్లన్నీ నొక్కాను. ఏది నొక్కితే దాని పేరు తెర మీద పడింది, సౌండు ఆపేదాని పేరూ పడింది. పేరు పడితే బటన్ బాగున్నట్టే, ఎవరో కావాలని ఆపినట్టు అని రాశావు. నిజమే. సెట్టింగుల్లో మిగతా అన్నిటికీ పనులున్నాయి, దీనికొక్కదానికే తీసేసి ఉంది. మీ బావ తప్ప దాన్ని ముట్టుకున్నదెవరు?

గొంతు పోయాక ఆయన టైపు చేసిందల్లా ఈ లాప్‌టాప్పే పైకి చదివేది, గుర్తుందా? ఒకరోజు పొరపాటున ఆయన వేలు ఈ బటన్ మీద పడింది. "నీళ్లు, నీళ్లు" అని ఎన్నిసార్లు కొట్టారో, వంటింట్లో ఉన్న నాకేం తెలుస్తుంది! నేను వచ్చేసరికి ఆయన నాలుక పిడచకట్టుకుపోయింది. "నీకు చెవుడు రాలేదులే" అని టైపు కొట్టి, నవ్వారు. బటన్‌ని ఆపేసింది ఆ తర్వాతే అయ్యుంటుంది.

ఆ బటన్‌తో నాకేం పనో నీకు చెప్పలేదు. పోయేముందు ఆయన అందులో ఏం పెట్టారో గానీ, రోజూ పొద్దు వాలగానే అది "లైటు వేసుకో, చీకట్లో కూర్చోకు" అంటుంది. వినలేక దాని నోరు మూయిద్దామనుకున్నాను.

బాగుచేసే దారి ఇక రాయకు. నిన్న అది చెప్పినా నేను లైటు వేయలేదు. మళ్లీ చెబుతుందేమోనని చీకట్లోనే కూర్చున్నాను.

ఒక్కసారే చెబుతుందిరా.

మీ అక్క