కరుణమ్మ చెప్పిన మాట

మాచర్ల,
22-3-1987.

ప్రియమైన నాన్నకు,

మీ ప్రేమకుమారి వందనాలు. నేను కులాసా అని రాయాలనే కూర్చున్నాను గాని కలం సాగడం లేదు. ఒంట్లో బాగానే ఉంది. మనసే బాగా లేదు. ఈ సంగతి మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను. చదివాక నామీద కోపం వస్తే రానివ్వండి.

నా ఉద్యోగం ఏమిటని మీరు అడిగినప్పుడల్లా బోరింగుల ప్రాజెక్టులో ఆఫీసరునని చెప్పి ఊరుకునేదాన్ని. అసలు సంగతి ఇది. పల్నాడు ఊళ్ళలో మంచినీళ్ళ బోరింగులు వేయడానికి ఒక విదేశీ సంస్థ డబ్బిస్తోంది. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కాబట్టి బోరింగు ఎక్కడ వేయాలో, ఎవరు చూసుకోవాలో వాళ్ళు కూడా చెప్పాలని ఆ సంస్థ షరతు పెట్టింది. ఆ షరతు కోసం నన్ను పెట్టుకున్నారు. ఆడా మగా సమానమని ఊరూరా తిరిగి చెప్పడం, ఆడవాళ్ళతో సంఘాలు పెట్టించడం, ఇంజనీర్లు వాళ్ళ మాట వినేలా చూడడం నా పని. ఇంజనీర్లు నన్ను ‘ఆడోళ్ళ మేడం’ అంటారు. బోరింగు రిపేరు ఆడవాళ్ళకే నేర్పిద్దామని నేనన్నప్పుడు, “పానా పట్టడమంటే గరిటె తిప్పడం కాదు మేడం” అని నవ్వారు. ఏడాది పోట్లాడి ఒప్పించాను.

గురజాల దగ్గర ఒక ఊళ్ళో ఆ పని అందరికంటే బాగా పట్టుబడింది కరుణమ్మకి. ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో ఉంటుంది, మనవాళ్ళే. భర్త నాపరాళ్ళ క్వారీలో పని చేస్తాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, బోరింగు తల విప్పి రాడ్లు పైకి లాగుతుంటే చూడ్డానికి జనం మూగేవాళ్ళు.

అదే ఊళ్ళో మహిళా సంఘం ప్రెసిడెంటు సామ్రాజ్యమ్మ గారు. పై కులాలవాళ్ళుండే పెద్ద బజారు ఆవిడ. భర్త అమరేశ్వరరావు గారికి ఆడవాళ్ళు మీటింగు పెట్టుకోవడమే గిట్టదు. ఆయనకు ఎదురు చెప్పి, తమ ఇంటి వసారాలోనే అందరినీ కూర్చోబెట్టిందావిడ. సాయంత్రం బస్సు తప్పిపోతే నేను వాళ్ళింట్లోనే ఉండిపోయేదాన్ని. తన పక్కనే మంచం వేయించేది. పొద్దున్నే తల దువ్వి జడ వేసేది. అమ్మ పోయాక నా తలమీద చెయ్యి వేసిన మనిషి ఆవిడే, నాన్నా.

పరిచయమైన రోజే కులం అడిగింది, “మీరేమిటోళ్ళమ్మాయ్?” అని. “మాది క్రోసూరు వైపండీ, వ్యవసాయం” అన్నాను. అబద్ధం కాదు, మనకు ఎకరం చేను ఉంది. ఆఫీసులో అందరూ నన్ను కుమారి అనే పిలుస్తారు కాబట్టి క్రైస్తవులమన్నది పేరులోనూ తేలలేదు. మాచర్లలో గది కోసం తిరిగినప్పుడు ఆ ప్రశ్నకు నిజం చెప్పి కొన్ని ఇళ్ళ గుమ్మాల్లోంచే వెనక్కి తిరిగాను. అప్పటి నుంచి ఇలా జవాబు చెప్పడం అలవాటైపోయింది. “మనోళ్ళేలే” అని ఆవిడే అనుకుంది. నేను కాదనలేదు.

పోయిన నెల పెద్ద బజారు బోరింగు ఆగిపోయింది. కరుణమ్మ వెళ్ళి విప్పి, అరిగిన వాషరు తీసి కొత్తది వేసి, నీళ్ళు రప్పించింది. మర్నాడు సామ్రాజ్యమ్మ గారు నన్ను లోపలికి పిలిచింది.

“దాన్ని పల్లెలో బోరింగుకే పెట్టమ్మాయ్. మా అత్త ఈ నీళ్ళు ముట్టట్లా. ఇట్టాగైతే గొడవైద్ది, సంఘం కూడా పోద్ది. తెలిసినదానివి, నీకు విడమరిచి చెప్పాలా?”

అప్పుడు నేను అనాల్సిన మాటలన్నీ నాకు వచ్చు. మిగతా ఉద్యోగులకు శిక్షణలో నేర్పేది నేనే. అవి అనకుండా సరేనన్నాను. కరుణమ్మ దగ్గరికి వెళ్ళి, నీకు పని ఎక్కువైపోతోంది, పెద్ద బజారు బోరింగు వేరేవాళ్ళు చూసుకుంటారని చెప్పాను.

“పని ఎక్కువైందని నేనెప్పుడన్నా అన్నానా మేడం?” అంది. నేను సంచిలో కాగితాలు వెతుకుతున్నట్టు నటించేసరికి తనే మొహం తిప్పుకుంది.

అంతటితో ఆగితే మీకు రాసేదాన్ని కాదేమో. ఈ బుధవారం విదేశం నుంచి ఆ సంస్థ ప్రతినిధి ఒకావిడ వచ్చింది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది నేనే. ఆవిడ పెద్ద బజారు బోరింగు దగ్గర నిలబడి, కరుణమ్మ చెయ్యి పట్టుకుని, ఇది కూడా నువ్వే బాగు చేస్తావా అని అడిగింది. నేను తెలుగులో అడిగాను. సామ్రాజ్యమ్మ గారు, ఇంజనీర్లు, బజారంతా చూస్తున్నారు. కరుణమ్మ ఆవిడ వైపు చూడలేదు, నా మొహంలోకే చూసి చెప్పింది.

“లేదమ్మా. ఒకసారి చేశా. నేను ముట్టుకున్న నీళ్ళు తాగరంట, ఇంక రావొద్దన్నారు. ఎందుకు నేర్పారో, ఎందుకు వద్దన్నారో నాకు తెలవలా. చానా బాధపడ్డా.”

నేను ఇంగ్లీషులో ఏం చెప్పానో తెలుసా నాన్నా? పని ఎక్కువ కాబట్టి ఆడవాళ్ళంతా కలిసి పంచుకున్నాం అంటోంది, చాలా సంతోషంగా ఉందట, అని చెప్పాను. ఆవిడ మురిసిపోయి చప్పట్లు కొట్టింది. ఆవిడను చూసి అందరూ కొట్టారు.

వాళ్ళు బయల్దేరుతుంటే కరుణమ్మ నా దగ్గరికి వచ్చింది. “నేను ఏడుపు మాట చెప్తే ఆమెగారు నవ్విందేంది మేడం?” అని అడిగింది. నేను జీపెక్కేశాను.

అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ప్రాజెక్టు పోతుందనే భయంతో అలా చేశానని నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూశాను. కుదరలేదు. కరుణమ్మ పక్షాన ఒక్క మాట అన్నా, ‘నీకెందుకంత పట్టింది, ఇంతకీ నువ్వెవరు?’ అని సామ్రాజ్యమ్మ గారు నావైపు తిరుగుతుందని భయపడ్డాను. ఆ మంచం, ఆ జడ పోతాయని భయపడ్డాను. రాజీనామా రాసి పెట్టుకున్నాను. రమ్మంటే వచ్చేస్తాను.

మీ బిడ్డనని చెప్పుకోవడానికి వెనకాడిన
ప్రేమకుమారి


క్రోసూరు,
29-3-1987.

మా తల్లి ప్రేమకుమారికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం చేరింది. చదివాను. మళ్ళీ చదవబుద్ధి కాలేదు.

క్రిస్మస్ ముందు, నువ్వు పనిచేసే ఊళ్ళు చూద్దామని నేను బయల్దేరి వస్తే, మాచర్ల బస్టాండులోనే టిఫిను పెట్టించి తిరుగు బస్సు ఎక్కించావు. జీపు లేదు, దుమ్ము, మీకు ఆయాసం అన్నావు. నా బిడ్డకు నామీద ఎంత శ్రద్ధో అని దారి పొడుగునా పక్కసీటు ఆయనకు చెప్పుకుంటూ వచ్చాను. జీపు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది.

కోపంగా ఉందని రాస్తే నువ్వు ఏడ్చి తేలికపడతావు. అందుకని ఆ సంగతి రాయను.

రాజీనామా మాట. నువ్వు వచ్చి నా పక్కన కూర్చుని బాధపడితే ఆ అమ్మాయికి ఒరిగేదేముంది? తప్పు చేసింది ఆమెకు, చెప్పుకున్నది నాకు. ఈ ఇంటి తలుపు నీకు ఎప్పుడూ వేసి ఉండదు. కాని ముందు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళు.

నాన్న,
చిన్నప్ప


మాచర్ల,
14-6-1987.

నాన్నా,

మీ ప్రేమకుమారి వందనాలు. ఇన్నాళ్ళు జవాబు రాయకపోతే మీరేమనుకున్నారో. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాకే రాద్దామని ఆగాను.

మొదట కరుణమ్మ ఇంటికి వెళ్ళాను. మిరపకాయల తొడిమలు తీస్తోంది. కూర్చోమనలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆమె మాటను నేను మార్చి చెప్పానని, నేనూ పల్లె బిడ్డనేనని, మా నాన్న పల్లె బడిలో పంతులుగా చేశారని.

కరుణమ్మ చేతులు ఆగిపోయాయి. “సామ్రాజ్యమ్మ గారంటే పరాయిది. ఆమె అన్నది మాకు కొత్తేం కాదు. నువ్వేందమ్మా?” అంది. అప్పటిదాకా నన్ను ‘మీరు’ అనేది. “మా పిల్ల బడికి పోనని మారాం చేస్తే, మేడంలాగా అవుదువుగాని పోవే అని పంపిస్తన్నా. ఇప్పుడు దానికి ఏమని చెప్పను?”

నాన్నా, మీరు కొట్టినా అంత దెబ్బ తగలదు. మళ్ళీ తనే అడిగింది, “ఆ దొరసానికి నా మాట చెప్తావా, చెప్పవా?” అని. ఆ గుమ్మంలోనే కూర్చుని ఆవిడకు ఉత్తరం రాశాను. కరుణమ్మ అన్నదీ, నేనాడిన అబద్ధమూ, నేనెవరినో కూడా. తెలుగులో చెప్పి వినిపించమంది. “బాధపడ్డానని రాశావా?” అని గుచ్చి అడిగింది. రాశానన్నాక నన్ను కూర్చోమని మంచం వాల్చింది.

అక్కడి నుంచి పెద్ద బజారుకి వెళ్ళాను. నన్ను చూసి సామ్రాజ్యమ్మ గారు, “చిక్కిపోయావేందమ్మాయ్” అంటూ ఎదురొచ్చింది. వసారా మెట్లెక్కకుండానే నేనెవరినో చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది, పరాచికం అనుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది.

“ముందే చెప్పొచ్చుగా?”

“చెప్తే నన్ను లోపలికి రానిచ్చేవారా అమ్మా?”

“రానిచ్చేదాన్ని కాదు” అంది. ఆవిడ అబద్ధమాడలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, “నా చేత్తో జడేశానే” అంది. ఆ మాట నామీద ప్రేమతో అన్నదో, తన చేతిమీద రోతతో అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి సంఘం ఆ వసారాలో కూర్చోలేదు.

ఆఫీసులో పెద్ద గొడవే జరిగింది. ఇంట్లో సంగతి వీధిన పెట్టానని డైరెక్టరు గారు కేకలేశారు. విదేశం నుంచి జవాబు వచ్చింది. ఊళ్ళో బోరింగులన్నిటికీ కరుణమ్మే మెకానిక్కని, కులం పేరు చెప్పి ఆమెను తప్పించడానికి వీల్లేదని రాశారు. నా గురించీ ఒక మాట రాశారు. ఇకమీదట వాళ్ళెవరు వచ్చినా మాటలు చెప్పడానికి వేరే మనిషిని పెట్టుకుంటారట. తల కొట్టేసినట్టయింది. అయినా రాజీనామా చించేశాను. ఏడాది చివరిదాకా ఉంచుతారు, తర్వాత సంగతి తెలియదు. మీరు ఒక ఆదివారం రండి, ఆ ఊరు తీసుకెళ్తాను. ఆరాధన అయ్యాక కరుణమ్మ ఇంట్లోనే మన భోజనం. చెప్పి ఉంచాను.

మే నెల ఎండల్లో పెద్ద బజారు బోరింగు మళ్ళీ ఆగిపోయింది. వేరే ఎవరూ రారని తెలిసి కొన్నాళ్ళు పంతం పట్టి సాగర్ కాలువ నుంచి మోసుకున్నారు. చివరికి ఆ బజారు కోడళ్ళే కొందరు పల్లెకు వెళ్ళి కరుణమ్మను పిలిచారు. నాకు కబురొస్తే నేనూ వెళ్ళాను. ఇంతకాలం బోరింగు పక్కన నిలబడి ఉపన్యాసాలు చెప్పాను గాని ఏనాడూ పైపు పట్టలేదు. “ఊరికే నిలబడతావేంది, పట్టు” అంది కరుణమ్మ. పట్టాను. చీరంతా గ్రీజు, అరచేతులు బొబ్బలెక్కాయి. ముందు ఎర్రగా తుప్పు నీళ్ళు వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. కోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, మెల్లగా బిందెలు తెచ్చి పెట్టారు.

సామ్రాజ్యమ్మ గారి బిందె రాలేదు. ఆవిడే చంకన పెట్టుకుని, ఎర్రటెండలో, మా పక్కనుంచే కాలువ వైపు నడిచి వెళ్ళింది. నావైపు చూడలేదు. ఆ వయసులో అంత దూరం నా మూలానే నడుస్తోందనిపించి, కాళ్ళు ఆగక ఆవిడ వెనక నాలుగడుగులు వేశాను. కరుణమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

“రాకపోతే పోనియ్యమ్మా. బోరింగు యాడికీ పోదు” అంది. పానా నా చేతికిచ్చి, చివరి బోల్టు నన్నే బిగించమంది.

మీ
ప్రేమకుమారి